పొడుగాటి పాత ఇల్లు, రాతి గోడలు: పెరటి గది దాకా వైఫై అందాలంటే ఏం చేయాలి?

శ్రుతిపెట్టె (విజయనగరం)

అందరికీ నమస్కారం. నేను ఇంట్లో గాత్రం నేర్పుతాను. ఊళ్ళో పిల్లలు సాయంత్రాలు ఇంటికే వస్తారు. అమెరికాలో ఉన్న పిల్లలకి మాత్రం పొద్దున్నే 6:30కి వీడియోలో పాఠం. డాలస్‌లో వాళ్ళకి అప్పుడు ముందురోజు రాత్రి 8 గంటలు. బడీ హోంవర్కూ అయ్యాక వాళ్ళకి తీరేది ఆ ఒక్క గంటే, అంచేత వేళ మార్చడానికి లేదు.

మా ఇల్లు అయ్యకోనేరు దగ్గర. మా మామగారి తాతగారు కట్టించింది. వెడల్పు 18 అడుగులే గానీ పొడవు 90 దాటుతుంది. రెండు వైపులా పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడలు. వీధిలోంచి వరసగా అరుగు, వీధి గది, సావిడి, నడిమి గది, వంటిల్లు, ఆ తరవాత 12 అడుగుల ఖాళీ వాకిలి, అందులో నుయ్యి, దాని వెనక పెరటి గది. గదికీ గదికీ మధ్య ఉన్నవి రాయీ సున్నం పెట్టి కట్టిన గోడలు, 20 అంగుళాల మందం. పైన పెంకులు. పెరటి గది ఒక్కటే తరవాతి రోజుల్లో వేసిన స్లాబు గది. నేను పాఠం చెప్పేది అందులోనే. వీధి గదిలో కూర్చుంటే ఆటోల హారన్లు, కూరగాయల బండి మైకు. అక్కడ శ్రుతి కూడా నిలవదు.

రౌటర్ వీధి గదిలో గోడ గూట్లో ఉంది. ఫైబర్ వేసినాయన అక్కడే పెట్టి వెళ్ళాడు. సావిడి దాకా బాగానే వస్తుంది. వంటింట్లో వస్తూ పోతూ ఉంటుంది. పెరటి గదిలో ఒక్క గీత, అదీ తలుపులన్నీ తీసి ఉంచితేనే. వానాకాలం వచ్చిందంటే ఇంకా అధ్వాన్నం. మా మేనల్లుడు వచ్చినప్పుడు వంటింట్లో రిపీటర్ (రౌటర్ వైఫైని అందుకుని మళ్ళీ ముందుకు పంపే పెట్టె) తగిలించి వెళ్ళాడు. అప్పటి నుంచి పెరటి గదిలో గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, పాఠం మాత్రం కుదుటపడలేదు.

నా బాధ ఒక్కటి చెబుతాను. ఈమధ్య ఒక పాపకి తోడి వర్ణం చెబుతున్నాను. తోడిలో గాంధారం ఊపుతూ పట్టాలి, ఆ ఊపులోనే రాగం ఉంది. నేను పట్టి చూపించిన గాంధారం అవతలికి మధ్యలో తెగి చేరినట్టుంది. పాప బుద్ధిగా ఆ తెగడాన్ని కూడా పాఠమే అనుకుని, సరిగ్గా అక్కడే ఆపి, మళ్ళీ అందుకుని పాడింది. వారం తరవాత కూడా అలాగే పాడుతోంది. ఆ పిల్ల తప్పేం లేదు, తనకి వినబడింది తను నేర్చుకుంది. అది విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇంకో సంగతి. నా శ్రుతిపెట్టె శబ్దం అవతలికి అసలు వినబడడం లేదట. అదీ వైఫై వల్లేనా?

ప్లాన్ 100 ఎంబీపీఎస్. గోడలు పగలగొట్టడానికి మామగారు ఒప్పుకోరు, నాకూ ఇష్టం లేదు. ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి.

మిద్దెఇల్లు (హనుమకొండ)

అక్కా, మాదీ పాత ఇల్లే. మేం మూడు పెట్టెల మెష్ కొన్నాం. ఒకటి ముందు గదిలో, ఒకటి నడుమ, ఒకటి వెనక. వాటి మధ్య తీగ ఏమీ లేదు, వాటిలో అవే మాట్లాడుకుంటాయి. మాకు బాగానే పనిచేస్తోంది. కాకపోతే మా ఇంట్లో గుమ్మాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. వెనక గదికి ఇనుప రేకు తలుపు ఉంది, అది మూసినప్పుడు మాత్రం వేగం సగానికి పైగా పడిపోతుంది. కర్ర తలుపులైతే ఏం తేడా రాదు. మీ గుమ్మాలు ఎలా ఉన్నాయో చూసుకుని కొనండి. ధర తక్కువేం కాదు, వాపసు తీసుకునే చోట కొంటే నయం.

తీగలపని (చీపురుపల్లి)

అమ్మా, నమస్కారం. నేను బళ్ళకీ, లాడ్జీలకీ, కల్యాణ మండపాలకీ నెట్‌వర్క్ తీగలు లాగే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. మీలాంటి వరస ఇళ్ళు విజయనగరంలో, బొబ్బిలిలో, పార్వతీపురంలో చాలా చూశాను. ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు కొన్ని సంగతులు చూసి చెప్పండి.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుని, రిపీటర్ ఆపేసి, గది గదికీ వెళ్ళి అంకె రాసుకోండి. మైనస్‌లో వస్తుంది. మైనస్ 40 అంటే చాలా బలం. మైనస్ 67 దాకా వీడియో పాఠానికి ఢోకా ఉండదు. మైనస్ 75కి దిగితే తంటాలు మొదలు. మైనస్ 85 అంటే లేనట్టే.

ఆ తరవాత రిపీటర్ మళ్ళీ వేసి, ల్యాప్‌టాప్ పెరటి గదిలో పెట్టుకుని, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ చిరునామాకి పింగ్ కొట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూడండి. చాలా వాటికి 192.168.1.1 ఉంటుంది, రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద చూడండి. రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. తరవాత వీధి గదిలో రౌటర్ పక్కనే కూర్చుని 8.8.8.8కి కొట్టండి, అది బయట ఉన్న గూగుల్ వాళ్ళ సర్వర్. మొదటిది ఎగిరి పడుతుంటే తప్పు మీ ఇంట్లోని గాలి దారిది. రెండోది ఎగిరి పడుతుంటే తప్పు బయటి లైనుది. ఈ రెండూ విడదీయకుండా ఎంత డబ్బు పోసినా వృథాయే.

గుమ్మాలు ఒకే వరసలో ఉన్నాయా, ఆ గూడు ఎంత లోతు, వంటింట్లో వాసాలకీ గోడకీ మధ్య సందు కనబడుతుందా, ఇవి కూడా చెప్పండి.

శ్రుతిపెట్టె (విజయనగరం)

చూశానండి. వీధి గదిలో మైనస్ 41, సావిడిలో 55, నడిమి గదిలో 70, వంటింట్లో 82. పెరటి గదిలో 5 గిగాహెర్ట్జ్ పేరు అసలు కనబడడమే లేదు, 2.4 మాత్రం 87.

పెరటి గది నుంచి పింగ్ కొడితే ఒకసారి 6 మిల్లీసెకన్లు, ఇంకోసారి 400 పైన, మధ్య మధ్య "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అని వస్తోంది. వీధి గదిలో 8.8.8.8కి మాత్రం నిలకడగా 20కి అటూ ఇటూ ఉంది.

గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. వీధి తలుపు తీస్తే పెరటి గది తలుపు కనబడుతుంది. గూడు 14 అంగుళాల లోతు, దానికి చిన్న చెక్క తలుపు. పక్కనే ఇనుప బీరువా. వాసాల కింద గోడ తలకీ పెంకుకీ మధ్య సందు ఉంది, పిచ్చుకలు దూరేంత.

తీగలపని (చీపురుపల్లి)

మీ లైను బాగానే ఉందమ్మా. ఫైబర్ వాళ్ళతో గొడవ పడాల్సిన పని లేదు. మీ ఇబ్బంది అంతా వీధి గదికీ పెరటి గదికీ మధ్యనే ఉంది.

ఆ అంకెల్లో 10 దిగిందంటే బలం పదో వంతుకి పడిపోయినట్టు లెక్క. మీ నడిమి గదికి వచ్చేసరికే వీధి గదిలో ఉన్నదాంట్లో దాదాపు ఎనిమిది వందలో వంతు మిగులుతోంది. ఆ రాతి గోడలు మింగేస్తున్నాయి. 5 గిగాహెర్ట్జ్ అలకి వేగం ఎక్కువ గానీ గోడ దాటే శక్తి తక్కువ. 2.4 కొంచెం నయం. వానాకాలంలో అధ్వాన్నమని మీరు రాశారు చూడండి, అది మీ భ్రమ కాదు. సున్నపు గోడ నెమ్ము పీలుస్తుంది, నీరు ఈ అలల్ని బాగా పీల్చేస్తుంది.

రౌటర్ని ఈ పూటే గూట్లోంచి తీసేయండి. మూడు వైపులా రాయి, పక్కన ఇనుప బీరువా. అది మాట్లాడడానికి ముందున్న చిన్న చెక్క తలుపు ఒక్కటే దిక్కు. సావిడిలోకి వెళ్ళే గుమ్మం పక్కన ఎత్తుగా, వీలైతే ఆ ద్వారబంధం తల మీదే పెట్టండి. మీ గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉండడం పెద్ద అదృష్టం. అల గోడకి అడ్డంగా పోకుండా గుమ్మాల్లోంచి పోతుంది. అదే ఏటవాలుగా గోడలోకి దూరిందంటే 20 అంగుళాల కన్నా ఎక్కువ రాయి దాటాలి. ఫైబర్ తీగ పొడవు చాలకపోతే లైన్‌మ్యాన్‌ని పిలవండి. ఆకుపచ్చ మూతి ఉన్న ఆ సన్నటి తీగని మీరు లాగొద్దు, మడత పెట్టొద్దు, మూతి కొసని వేలితో ముట్టుకోవద్దు. లోపల ఉన్నది గాజు.

రిపీటర్ సంగతి. దాన్ని పెట్టిన వంటింట్లోనే మైనస్ 82. కచేరీలో ఆఖరి వరసలో కూర్చుని సగం విన్న పాటని బయటివాళ్ళకి పాడి వినిపించినట్టు, అది తనకి అందిన ముక్కల్నే గట్టిగా చెబుతోంది. మీ ఫోన్‌లో నిండుగా కనబడే గీతలు రిపీటర్‌కీ ఫోన్‌కీ మధ్య దూరానివి. రిపీటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో అవి చెప్పవు. పైగా మామూలు రిపీటర్ ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి. వేగం సగానికి పోతుంది, ఆలస్యం పెరుగుతుంది. మీ పాప గాంధారం తెగింది ఇక్కడే.

హనుమకొండ తమ్ముడు చెప్పిన మెష్ మంచిదే. కానీ తీగ లేకుండా పెడితే అవి కూడా ఆ గోడల్లోంచే మాట్లాడుకోవాలి. పొద్దున్న 6:30కి మీ నడిమి గది తలుపు వేసి ఎవరైనా పడుకుని ఉంటే మీ పాఠం వాళ్ళ నిద్ర మీద ఆధారపడుతుంది. పాఠం చెప్పే మనిషికి అలాంటి ఏర్పాటు పనికిరాదు.

నా మాట వినండి. రౌటర్ నుంచి పెరటి గది దాకా ఒక్క తీగ లాగించి, అక్కడ యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ని ఆ గదిలో వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి. గోడలు కొట్టక్కర్లేదు. రాతి గోడకి డ్రిల్లు పెడితే రాయి బదులు సున్నం రాలిపోతుంది, కన్నం వంకర పోతుంది. మామగారు వద్దనడం సబబే. మీరు చెప్పిన పిచ్చుకల సందు ఉంది కదా, అదే దారి. వీధి గదిలో గోడ మూల నుంచి పైకి ఎక్కించి, గోడ తల మీదుగా, వాసాల కిందుగా సావిడిలోకి, అక్కడి నుంచి నడిమి గది, వంటిల్లు. తీగని 25 ఎంఎం పీవీసీ గొట్టంలో పోనివ్వండి. పెంకుటింట్లో ఎలుకలు తప్పవు, వట్టి తీగని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. గొట్టంలో తీగతో పాటు ఒక గట్టి నైలాన్ దారం కూడా వదిలేయమనండి, రేపు ఇంకో తీగ కావాలంటే దానికి కట్టి లాగొచ్చు. కరెంటు తీగకి ఒక అడుగు ఎడంగా పోవాలి. దాన్ని దాటాల్సిన చోట అడ్డంగా దాటాలి, పక్కపక్కనే సాగకూడదు.

తీగ క్యాట్ 6 తీసుకోండి, అచ్చమైన రాగిది. కొట్లో చవగ్గా ఇచ్చేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. లోపలి తీగ ఒకటి తీసి బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే తిరిగి ఇచ్చేయండి. ఎగుడుదిగుళ్ళతో కలిపి మీకు 40 మీటర్లు సరిపోతుంది. ఈ తీగ 100 మీటర్ల దాకా పూర్తి వేగంతో పనిచేస్తుంది కాబట్టి దూరం గురించి బెంగ లేదు.

అవతలి కొసన కొత్త యాక్సెస్ పాయింటే కొనాలని లేదు. ఇంట్లో పాత రౌటర్ ఉంటే అదే చాలు. దాన్ని ముందు ల్యాప్‌టాప్‌కి తగిలించి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే దాని చిరునామా 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపేసి, మీరు లాగిన తీగని దాని వాన్ రంధ్రంలో (బయటి లైను కోసం ఉండేది) కాకుండా ల్యాన్ రంధ్రంలో (ఇంట్లో వాటి కోసం ఉండేది) పెట్టండి. చిరునామాలు పంచే పని ముందు గది రౌటర్ ఒక్కటే చేయాలి, రెండూ పంచితే గందరగోళం. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచండి. 2.4లో ముందుదానికి ఛానెల్ 1, వెనకదానికి 11 పెట్టండి. మీ వరసలో పక్కిళ్ళ వైఫైలు ఎక్కువ ఉంటాయి, యాప్‌లో చూసి రద్దీ తక్కువున్నది ఎంచుకోవచ్చు గానీ 1, 6, 11 ఈ మూడింట్లోనే ఉండండి. ఇవి ఒకదాని మీద ఒకటి పడవు.

పాఠం చెప్పే ల్యాప్‌టాప్‌ని మాత్రం వైఫైకి వదలకండి. యాక్సెస్ పాయింట్ వెనక ఇంకో ల్యాన్ రంధ్రం ఉంటుంది, అందులోంచి చిన్న తీగతో నేరుగా తగిలించండి. వైఫై మీ ఫోన్‌కీ, ఇంట్లోవాళ్ళకీ.

కరెంటు పోతే రౌటర్, యాక్సెస్ పాయింట్ రెండూ బతికి ఉండాలి, ఒకటి ఆగినా పాఠం ఆగుతుంది. ఇన్వర్టర్ పెరటి గదికి లేకపోతే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసి తీసుకోండి.

పాపనాన్న (డాలస్)

నేను ఇంకో టీచర్ గారి దగ్గర నేర్చుకుంటున్న పాప తండ్రిని. శ్రుతిపెట్టె వినబడకపోవడానికి వైఫై కారణం కాదండీ. మీరు జూమ్ వాడుతున్నట్టయితే, ఆగకుండా ఒకే తీరున మోగే శబ్దాన్ని అది ఫ్యాన్ చప్పుడు అనుకుని తీసేస్తుంది. తంబూర కూడా దానికి అలాంటిదే. ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది, అది ఆన్ చేసి, పాఠం మొదలుపెట్టాక తెర మీద ఆ మీట మళ్ళీ నొక్కాలి. పిల్లల వైపు కూడా అలాగే పెట్టించండి, అప్పుడే వాళ్ళ శ్రుతి మీకు వినబడుతుంది. ఇద్దరూ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మంచిది.

వేగం గురించి దిగులు వద్దు. ఒకరికొకరు మాట్లాడుకునే మంచి వీడియోకి ఇటూ అటూ ఒకటిన్నర ఎంబీపీఎస్ దాటదు. కావలసింది నిలకడ. ఇక్కడ అమెరికా ఇళ్ళలో గోడల్లో కేబుల్ టీవీ తీగ ముందే ఉంటుంది కాబట్టి దాని మీద ఇంటర్నెట్ పంపే పెట్టెలు వాడతాం, మీకు అవి పనికిరావు. చీపురుపల్లి గారు చెప్పిన తీగే సరైనది.

ఒక తండ్రిగా ఇంకో మాట. పాఠం చెప్పేటప్పుడు మీ ఫోన్ పక్కన పెట్టి మీ గొంతు రికార్డు చేసి, ఆ ముక్క తరవాత వాట్సాప్‌లో పంపండి. అది నెట్ మీదుగా తెగదు. మా టీచర్ గారు అలాగే చేస్తారు. పాప వారమంతా విని సాధన చేసేది ఆ రికార్డింగే.

శ్రుతిపెట్టె (విజయనగరం)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రౌటర్ని గూట్లోంచి తీసి ద్వారబంధం మీద పెట్టించాను. నడిమి గదిలో 70 ఉన్నది 62 అయింది! ఒరిజినల్ సౌండ్ పెట్టాక డాలస్ పాప "టీచర్, శ్రుతి వినబడుతోంది" అంది. ఆ తోడి వర్ణం పల్లవి రికార్డు చేసి పంపాను, మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నాను.

గోడ కొట్టే పని లేదనగానే మామగారు సరే అన్నారు. గొట్టం ఎక్కడి నుంచి పోవాలో ఆయనే చేతికర్రతో చూపించారు. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. వంటింటికీ పెరటి గదికీ మధ్య వాకిలి ఆరుబయలు కదా, అక్కడ వానకీ పిడుగుకీ భయం లేదా?

తీగలపని (చీపురుపల్లి)

సంతోషం అమ్మా. 12 అడుగుల వాకిలికి పెద్ద భయం లేదు, రెండు వైపులా కరెంటు ఒకే మీటర్ నుంచి వస్తుంది కాబట్టి. అదే తోటలో దూరంగా ఉన్న వేరే కట్టడానికి లాగాలంటే మాత్రం రాగి తీగ వద్దు, ఫైబర్ వేసి రెండు కొసల్లో కన్వర్టర్లు పెట్టమంటాను. ఉరుములు మెరుపులు గట్టిగా ఉన్న పూట ఎలాగూ రెండు పెట్టెల ప్లగ్గులూ, ఆ తీగా పీకేసి ఉంచండి.

వాకిలి మీద గొట్టం పైనుంచి పోతే ఎండకి పెళుసెక్కని మందం గొట్టం తీసుకోండి. నేలలో పోతే ఒకటిన్నర అడుగు లోతు, నూతి గట్టుకి ఎడంగా. పెరటి గదిలోకి దూరేముందు తీగని కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్ళమనండి, వాననీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి పాకవు. గొట్టం మూతిని సిలికాన్‌తో మూయించండి.

ఎలక్ట్రీషియన్‌కి కరెంటు పని వచ్చినా నెట్ తీగ కొసలకి ప్లగ్గు మూతులు కట్టడం రాకపోవచ్చు. రెండు కొసల్లో రంగుల వరస ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. అతను వెళ్ళేముందు టెస్టర్ పెట్టి ఎనిమిది దీపాలూ వరసగా వెలగడం మీరు కళ్ళారా చూడండి. 1, 2, 3, 6 ఈ నాలుగే వెలిగినా మీ 100 ప్లాన్ నడిచిపోతుంది, అంచేత ఎవరికీ అనుమానం రాదు, రేపు పెద్ద ప్లాన్ తీసుకున్నప్పుడు మాత్రం అక్కడే ఆగిపోతుంది. అన్నీ అయ్యాక వంటింట్లో రిపీటర్ పీకేయడం మరవకండి. అది ఉంటే మీ ఫోన్ వాకిట్లోకి రాగానే మళ్ళీ దాన్నే పట్టుకుంటుంది.